మంగలి కత్తికి పదును ఎలా వస్తుంది?

బదిలీల మీద ఊళ్లు తిరిగే ఇళ్లలో పుట్టినవాళ్లం కాబట్టి కొత్త ఊరికి వెళ్లిన మొదటి వారం ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. పాల ప్యాకెట్లు ఎక్కడ దొరుకుతాయి, సంత ఏ రోజు, మంచి సెలూన్ ఏది అని పక్క క్వార్టర్స్ వాళ్లను అడుగుతాం. సెలూన్‌లో అద్దం కింద ఉండే మడత కత్తికి మాత్రం ఊరు మారినప్పుడల్లా పేరు మారుతుంది. హిందీలో ఉస్తరా, మరాఠీలో వస్తరా, బెంగాలీలో ఖుర్, తమిళంలో సవరక్కత్తి. మనం మంగలి కత్తి అంటాం.

ఇప్పుడు మీరు సెలూన్‌లో చూసేది చాలావరకు అసలు మంగలి కత్తి కాదు. అది బ్లేడును పట్టుకునే పిడి మాత్రమే. కాగితంలో ఉండగానే బ్లేడును రెండుగా విరిచి, ఒక సగాన్ని అందులో దూర్చి, గడ్డం గీశాక తీసి పారేస్తారు. పాతకాలపు కత్తి అలా కాదు. పిడిలోకి మడిచే ఒకే ఉక్కు ముక్క, దానికి వెన్ను ఒకవైపు, అంచు ఒకవైపు. అంచు మొద్దుబారితే పారేయడానికి వీల్లేదు, మళ్లీ నూరుకోవాలి. ఆ నూరడం గురించే ఈ వ్యాసం.

ఇది నాకు ఎందుకు తెలుసంటే, మా తాత క్షౌరవృత్తి చేసేవారు. కాజీపేటలో రైల్వేవాళ్ల ఇళ్లకు దగ్గరలో ఆయనకు చిన్న దుకాణం ఉండేది. ఇప్పుడు దుకాణం లేదు, రెండు కత్తులు, నాలుగు రాళ్లు, ఒక తోలు పట్టా మిగిలాయి. తన గడ్డం ఇప్పటికీ ఆ కత్తితోనే గీసుకుంటారు. కానీ కీళ్ల నొప్పుల వల్ల గంటసేపు రాయి ముందు కూర్చుని నూరలేరు. మా బాపు ఉద్యోగం కేంద్ర బలగాల్లో, ఏడాదిలో ఇంట్లో ఉండేది కొన్ని రోజులే. ఊళ్లో ఈ పని తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు. అందుకని రెండు వేసవి సెలవుల్లో తాత పక్కన కూర్చుని నేను నేర్చుకున్నాను. కత్తికి ఏడాదికి ఒకసారి నూరితే చాలు, మధ్యలో తోలు పట్టా మీద తిప్పుకుంటే సరిపోతుంది. ఆ ఒక్కసారి ఎవరో ఒకరు నూరాలి కదా.

మంగలి అనే మాటను స్కూల్ బస్సులో తిట్టుగా వాడినవాళ్లను నేను చూశాను. ఆ మాటలో తిట్టేమీ లేదు. ఆ పొదిలో (కొన్ని ఊళ్లలో అడపం అంటారు) కత్తులు, రాళ్లు మాత్రమే కాదు, ఒకప్పుడు పుండ్లు కోసి మందు కట్టే పనిముట్లు కూడా ఉండేవి. గుళ్లో, పెళ్లిళ్లలో సన్నాయి ఊదేదీ మావాళ్లే. ఇది చెప్పాక ఇక కత్తి సంగతికి వస్తాను.

పదును అంటే ఏమిటి? రెండు చదునైన తలాలు వచ్చి ఒక గీత దగ్గర కలుసుకుంటే ఆ గీతే అంచు. అవి పూర్తిగా కలుసుకుంటే పదును, కలుసుకోకుండా మధ్యలో కొంచెం గుండ్రంగానో చదునుగానో మిగిలితే మొద్దు. మొద్దుబారిన కత్తిని దీపం కింద అంచు పైకి ఉండేలా పట్టుకుని చూస్తే సన్నని తెల్లటి గీత మెరుస్తుంది. వెలుతురు పడి వెనక్కి రావడానికి అక్కడ చోటు ఉందన్నమాట. నూరిన కత్తిని అలాగే చూస్తే ఏమీ మెరవదు. పదునైన అంచు కనబడదు, మొద్దు అంచే కనబడుతుంది.

ఈ పనిలోని కష్టమంతా ఇక్కడే ఉంది. మన తలవెంట్రుక మందం దాదాపు 50 నుంచి 100 మైక్రాన్లు ఉంటుంది. ఒక మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. బాగా నూరిన మంగలి కత్తి అంచు ఒక మైక్రాన్ కంటే సన్నగా ఉంటుంది. మన కంటికి కనిపించే వెలుతురు తరంగదైర్ఘ్యం 0.4 నుంచి 0.7 మైక్రాన్లు. అంటే అంచు దాదాపు వెలుతురు అలంత సన్నగా వచ్చేసరికి కన్ను, భూతద్దం కూడా చేతులెత్తేస్తాయి. చూడలేని దాన్ని తయారుచేస్తున్నాం. అందుకే ప్రతి దశలోనూ కత్తిని వేరే విధంగా అడిగి తెలుసుకోవాలి. చప్పుడును అడగాలి, నీటిని అడగాలి, వెంట్రుకను అడగాలి. మొదటి రోజు నేను "ఎన్నిసార్లు రుద్దాలె తాతా?" అని అడిగితే, "సార్లు నాకెందుకు బిడ్డా, అయిందో లేదో కత్తినే అడుగు, అదే చెప్తది" అన్నారు. అప్పుడు అది జవాబు చెప్పకుండా తప్పించుకోవడంలా అనిపించింది.

ముందు కోణం గురించి చెప్పాలి. కూరగాయల కత్తిని నూరేటప్పుడు రాయికి, కత్తికి మధ్య కోణాన్ని మన మణికట్టే పట్టి ఉంచాలి. చెయ్యి కదిలితే కోణం పోతుంది. మంగలి కత్తిలో ఆ బాధ లేదు. దాని వెన్ను దళసరిగా ఉంటుంది, రెండు పక్కలూ లోపలికి గుంటగా చెక్కి ఉంటాయి. రాయి మీద పడుకోబెడితే రెండే రెండు చోట్ల ఆనుతుంది, ఒకటి వెన్ను, రెండోది అంచు. కోణాన్ని కత్తే తనతో మోసుకు తిరుగుతుంది.

ఆ కోణం ఎంతో పదో తరగతి త్రికోణమితితో కట్టవచ్చు. తాత కత్తి వెడల్పు వెన్ను నుంచి అంచు వరకు 18 మిల్లీమీటర్లు, వెన్ను మందం 5 మిల్లీమీటర్లు. కత్తిని అడ్డంగా కోసినట్టు ఊహించుకుంటే అది ఒక సమద్విబాహు త్రిభుజం, భుజాలు 18, 18, భూమి 5. భూమిని సగం చేస్తే 2.5. సగం కోణం సైన్ విలువ 2.5ను 18తో భాగిస్తే వచ్చేది, అంటే సుమారు 0.139. ఆ కోణం 8 డిగ్రీలు. రెండు వైపులా కలిపి 16 డిగ్రీలు. వంటింటి కత్తులకు ఇది సాధారణంగా 30 నుంచి 40 డిగ్రీల దాకా ఉంటుంది. ఇంకో తమాషా ఏమిటంటే, నూరినప్పుడల్లా అంచుతోపాటు వెన్ను కూడా రాయికి తగిలి కొద్దికొద్దిగా అరుగుతుంది. అందువల్ల ఏళ్ల తరబడి నూరినా కోణం పెద్దగా మారదు. దీన్ని మొదట ఆలోచించిన పనివాడు ఎవరో గానీ లెక్క బాగా వచ్చినవాడే.

పదహారు డిగ్రీల కోణంలో అంత సన్నని అంచు విరగకుండా నిలబడాలంటే ఉక్కు గట్టిదై ఉండాలి. కర్బనం బాగా ఉన్న ఉక్కును ఎర్రగా కాల్చి, ఒక్కసారిగా చల్లార్చి, మళ్లీ కొంచెం వేడి చేసి పెళుసుదనం తగ్గిస్తే అలాంటి గట్టిదనం వస్తుంది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్, జర్మనీలోని జోలింగెన్ ఈ కత్తులకు పేరుపడ్డ ఊళ్లు. ఒకప్పుడు మంచి ఉక్కు కోసం యూరప్‌వాళ్లు మనవైపు కూడా చూశారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కమ్మరులు మట్టి మూసల్లో ఇనుమును కరిగించి ఉక్కు ముద్దలు చేసేవారు, వాటిని కొనడానికి పారశీక వర్తకులు అక్కడికి వచ్చేవారు. ఈ దక్షిణాది ఉక్కును ఇంగ్లిష్‌వాళ్లు ఊట్జ్ అన్నారు, అది మన 'ఉక్కు' అనే మాటే వాళ్ల నోట్లో అలా మారిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. లండన్‌లో జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారు తన దుకాణం కార్డు మీదే, క్షౌరం కత్తులు భారతదేశపు ఊట్జ్‌తో చేస్తానని, యూరప్‌లోని ఉత్తమమైన ఉక్కు కంటే అదే తనకు నచ్చిందని అచ్చు వేయించుకున్నాడు. ఆ స్టోడార్ట్‌తో కలిసి ఊట్జ్ రహస్యం కనుక్కోవడానికి 1818 తర్వాత కొన్నేళ్లు ప్రయోగాలు చేసిన యువకుడు మైకేల్ ఫారడే. విద్యుదయస్కాంత ప్రేరణ పాఠంలో మనం చదువుకునే ఫారడేనే, ఆయన తండ్రి కమ్మరి. తాము తయారుచేసిన మిశ్రమ ఉక్కుతో క్షౌరం కత్తులు చేయించి ఫారడే స్నేహితులకు కానుకగా ఇచ్చాడు. ఉక్కు గొప్పదనం తేల్చడానికి క్షౌరం కత్తి కంటే కఠినమైన పరీక్ష లేదు మరి.

ఇక రాళ్లు. నూరేముందు చూడాల్సింది కత్తిని కాదు, రాయిని. రాయి మధ్యలో పల్లంగా ఉంటే చదునైన తలాలు ఎక్కడి నుంచి వస్తాయి? రాయి ఎలా ఉంటే అంచూ అలాగే వస్తుంది. పరీక్ష చాలా తేలిక. రాయి మీద పెన్సిలుతో నిలువు గీతలు, అడ్డగీతలు గీయాలి. దళసరి గాజుపలక మీద నీటిలో తడిసినా పాడవని గరుకు కాగితం పరిచి, నీళ్లు చల్లి, రాయిని దాని మీద రుద్దాలి. గీతలన్నీ పోతే రాయి చదునైనట్టు. మధ్యలో గీతలు మిగిలితే అక్కడ పల్లం ఉన్నట్టు, ఇంకా రుద్దాలి. తాత వయసులో ఉన్నప్పుడు గాజుపలకలు ఎక్కడివి? నాపరాయి మీద సన్నటి ఇసుక, నీళ్లు వేసి రుద్దేవారట. రెండు రాళ్లను ఒకదాని మీద ఒకటి రుద్దితే రెండూ చదును అవుతాయని అనిపిస్తుంది గానీ అది నమ్మకం లేని పద్ధతి, ఒకటి ఉబ్బుగా, ఇంకొకటి దానికి సరిపోయే పల్లంగా తయారు కావచ్చు. మూడు రాళ్లను జతలు మార్చి రుద్దితే ఆ మోసం జరగదు, ఎందుకంటే మూడూ ఒకదానికొకటి సరిపోవాలంటే చదునుగా ఉండక తప్పదు. వర్క్‌షాపుల్లో చదును పలకలు తయారుచేసే పాత పద్ధతి కూడా ఇదే.

రాళ్లకు నంబర్లు ఉంటాయి. నంబరు పెరిగేకొద్దీ రాయిలోని రేణువులు సన్నబడతాయి. 1000 నంబరు రాయిలో రేణువు సుమారు 15 మైక్రాన్లు, 8000 రాయిలో ఒకటి రెండు మైక్రాన్లు. ఇవి ఫ్యాక్టరీలో చేసిన రాళ్లు. భూమిలోంచి తవ్వి తీసే రాళ్లకు నంబరు ఉండదు. వాటిలో బెల్జియంలోని ఆర్డెన్స్ కొండల్లో దొరికే కోటిక్యూల్ ప్రసిద్ధం, లేత పసుపు రంగు రాయి, దానిలో కోసే పని చేసేవి చిన్న చిన్న గోమేదక జాతి స్ఫటికాలు. జపాన్‌లో క్యోటో చుట్టుపక్కల కొండల్లో దొరికే రాళ్లకూ అంతే పేరు. తాత దగ్గర ఉన్నవాటిలో మూడింటికి నంబర్లు ఉన్నాయి. నాలుగోది నల్లటి పలకరాయి, ఎక్కడిదో ఆయనకే తెలియదు, ఆయనకు పని నేర్పిన గురువు ఇచ్చింది. చివర్లో వాడేది అదే.

మొదటి దశ 1000 రాయి మీద. అంచుకు రెండు వైపులా సన్నని వాలు ఉంటుంది, ఆ రెండు వాలులూ మొన దగ్గర సరిగ్గా కలిసేలా చేయడమే ఇక్కడి పని. రాయిని నీటితో తడపాలి. కత్తిని పడుకోబెట్టి, వెన్ను, అంచు రెండూ ఆనుతున్నాయని చూసుకుని, అంచు ముందుండేలా తోయాలి. రాయి పైనుంచి సన్నని పొర చెక్కుతున్నట్టుగా అన్నమాట. కత్తి రాయి వెడల్పు కంటే పొడవుగా ఉంటుంది కాబట్టి, తోస్తూనే మడమ నుంచి కొన వైపు అడ్డంగా జరపాలి. అవతలి చివరకు వచ్చాక కత్తిని వెన్ను మీద దొర్లించి రెండో వైపు తిప్పి, మళ్లీ అంచు ముందుగా వెనక్కి లాగాలి. ఎప్పుడూ వెన్ను మీదే తిప్పాలి. అంచు మీద తిప్పితే అప్పటిదాకా చేసిందంతా ఒక్క క్షణంలో పోతుంది.

కొత్తవాళ్లందరికీ వచ్చే కోరిక ఒకటే, కొంచెం గట్టిగా నొక్కితే తొందరగా అయిపోతుంది కదా అని. మంగలి కత్తి పలక చాలా పల్చన, నొక్కితే వంగుతుంది. వంగితే అంచు పైకి లేచి, దాని వెనక భాగం రాయికి తగులుతుంది. ఎంత నొక్కితే అంచు అంత తక్కువగా అరుగుతుంది. "ఇది కట్టెలు కొట్టుడు కాదు బిడ్డా, కత్తి బరువే సాలు" అని తాత నా చేతి మీద తన చెయ్యి వేసి, ఎంత తేలిగ్గా పట్టుకోవాలో చూపించారు. ఎంత తేలిక అన్నది మాటల్లో రాయడం కష్టం, తడిసిన తమలపాకు మీద వేలు జారినంత అనుకోండి.

ఇక్కడ అడగాల్సిన ప్రశ్న, రెండు వాలులూ కలిశాయా అని. ఒక మంచి ఉపాయం ఉంది. వాలు మీద నల్ల మార్కర్‌తో గీత పూసి, రాయి మీద రెండుసార్లు తోసి చూడాలి. నలుపు ఎక్కడ పోయిందో అక్కడే రాయి తగులుతోంది. మొన దగ్గర ఒక చిన్న నల్ల గీత మిగిలిందంటే ఇంకా అంచు దాకా రాలేదు. కొన వైపు మాత్రమే మిగిలితే అక్కడ కత్తి కొంచెం వంపు తిరిగి ఉందని అర్థం, మణికట్టును ఆ వంపుకు తగ్గట్టు కదపాలి. రసాయన శాస్త్రం ల్యాబ్‌లో సూచిక ఎలాగో ఇదీ అలాగే. ఆ తర్వాత పెద్దవాళ్లు ముంజేతి మీది వెంట్రుకలకు కత్తిని చర్మం వెంబడి తేలిగ్గా తాకించి చూస్తారు. మడమ నుంచి కొన దాకా ప్రతి అంగుళమూ ఒకేలా తెగాలి. కాగితం కోసి చూపించి పదును వచ్చిందనుకునేవాళ్లు ఉన్నారు. కాగితాన్ని వంటింటి కత్తి కూడా కోస్తుంది, గడ్డానికి అది చాలదు.

నేర్చుకోవడంలో సగం కాలం ఈ మొదటి దశకే పోతుంది, పోవాలి కూడా. ఇక్కడ వాలులు కలవకుండా పై రాళ్లకు వెళ్లిపోతే, ఆ సన్నని రాళ్లు మొద్దు అంచుకు మెరుగు పెడతాయి తప్ప పదును ఇవ్వవు. కత్తి అద్దంలా తళతళలాడుతుంది, గడ్డం మాత్రం పీకుతుంది. మెరుపును చూసి మోసపోవడం ఈ పనిలో అన్నిటికంటే సులువు.

4000, 8000 రాళ్ల మీద చేసేది కింది రాయి వదిలిన గీతలను ఇంకా సన్నని గీతలుగా మార్చడమే. ఇక్కడ చెవి పనికొస్తుంది. మొదట సరసరమని గరుకు చప్పుడు వస్తుంది. గీతలు పోయేకొద్దీ అది తగ్గి, తడి పలక మీద పట్టుబట్ట జారినంత మెత్తగా అవుతుంది. వేళ్లకు కూడా తేడా తెలుస్తుంది, కత్తి రాయికి అతుక్కుంటున్నట్టు చిన్న లాగుడు ఉంటుంది. రెండు తలాలు బాగా చదునై మధ్యలో పల్చని నీటిపొర మాత్రమే మిగిలినప్పుడు అలా అవుతుంది. తాతకు ఇప్పుడు చూపు తగ్గినా, నేను వరండాలో నూరుతుంటే లోపల మంచం మీద పడుకుని, "ఇంక రాయి మార్చు" అంటారు. మొదటి ఏడాది ఆయన చెప్పాకే నాకు ఆ మార్పు వినబడేది. రెండో ఏడాది కొన్నిసార్లు ఆయన కంటే ముందే నాకు వినబడింది.

చివరి నల్లరాయి మీద నీటిని చూడాలి. రాయి మీద నీళ్లు పల్చగా ఉంచి కత్తిని తోస్తే, అంచు ముందున్న నీరు ఏం చేస్తోంది? మొద్దు అంచు నీటిని అలలా ముందుకు తోస్తుంది. పదునైన అంచు రాయికి పూర్తిగా అంటుకుని నీటి కిందికి దూరుతుంది, నీరు కత్తి మీదికి ఎక్కుతుంది. మడమ నుంచి కొన దాకా ఒకేలా ఎక్కితే పని అయినట్టే. ఒకచోట ఎక్కి ఒకచోట ఆగితే, ఆగినచోట లోపం ఉంది.

తర్వాత వెంట్రుక పరీక్ష. రాలిన తలవెంట్రుకను ఒక చివర పట్టుకుని వేలాడదీసి, కదలకుండా ఉన్న అంచు మీద తాకిస్తారు. బాగా నూరిన కత్తి మీద అది చప్పుడు లేకుండా తెగి పడుతుంది. దీన్ని చూసి అందరూ ఆశ్చర్యపోతారు గానీ దీనిలో ఒక తిరకాసు ఉంది. వెంట్రుక మీద ఇంటి పెంకుల్లా చిన్న చిన్న పొలుసులు ఒకే దిక్కుగా పేర్చి ఉంటాయి. అందువల్ల కుదురు వైపు పట్టుకుంటే ఒక ఫలితం, కొన వైపు పట్టుకుంటే ఇంకో ఫలితం రావచ్చు. దళసరి వెంట్రుక తేలిగ్గా తెగుతుంది, పల్చటిది తప్పించుకుంటుంది. ప్రతిసారీ ఒకరి వెంట్రుకనే, ఒకే చివర పట్టుకుని పరీక్షిస్తేనే పోల్చడానికి వీలవుతుంది. మా ఇంట్లో ఆ వెంట్రుకలు నానమ్మవి. నూరే రోజు పొద్దున తల దువ్వుకున్నాక దువ్వెనలోంచి నాలుగు తీసి కాగితంలో పెట్టి ఇస్తుంది.

తోలు పట్టా గురించి చాలామందికి అపోహ ఉంది, అది కూడా నూరడమే అనుకుంటారు. ఉత్త తోలు ఉక్కును దాదాపు అరగదీయదు. సన్నని అంచు వాడకంలో అటూ ఇటూ వంగుతుంది, దానికి తడి, సబ్బు పట్టుకుంటాయి. తోలు ఆ అంచును తుడిచి నిటారుగా నిలబెడుతుంది. రాయి మీద అంచు ముందు, తోలు మీద వెన్ను ముందు. ఎందుకంటే తోలు మీద అంచు ముందుగా పోతే తోలే తెగుతుంది. పట్టాను బిగువుగా లాగి పట్టుకోవాలి. వదులుగా వేలాడితే తోలు వంగి, చివర్లో అంచును చుట్టుకుని గుండ్రం చేస్తుంది. ముందు గుడ్డ వైపు ఇరవై ముప్పై సార్లు, తర్వాత తోలు వైపు యాభై సార్లు తిప్పుతారు. పాత సెలూన్ల దగ్గర పొద్దున్నే వినిపించే ఆ పటాపట్ చప్పుడు మీ తాతలకు తప్పకుండా గుర్తుంటుంది.

వెంట్రుక మెత్తనిది, ఉక్కు గట్టిది. మరి గడ్డం గీస్తే కత్తి ఎందుకు మొద్దుబారుతుంది? ఈ ప్రశ్న నాకు చాలాకాలం ఉండేది. 2020లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 'సైన్స్' పత్రికలో దీనికి జవాబు ప్రచురించారు. వెంట్రుక కంటే ఉక్కు దాదాపు 50 రెట్లు గట్టిది. అయినా ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద గడ్డం వెంట్రుకలను కోస్తూ చూస్తే, అంచు మెల్లగా అరగడం కాకుండా చిన్న చిన్న పెచ్చులుగా ఊడిపోతోంది. వెంట్రుక వంగి పక్క నుంచి అంచును తోసినప్పుడు, ఆ చోట ఉక్కు లోపలి నిర్మాణం ఒకేలా లేకపోతే అక్కడ పగులు మొదలవుతుంది. గడ్డాన్ని ముందు వేడి నీళ్లతో బాగా నానబెట్టాలని తాత ఎప్పుడూ అనేవారు. నానిన వెంట్రుక మెత్తబడుతుంది, అంచు మీద పడే బలం తగ్గుతుంది. చర్మం కోసమే అనుకున్న ఆ జాగ్రత్త కత్తికి కూడా మంచిదే.

ఇన్ని పరీక్షలు చేశాక కూడా చివరి మాట చెంపదే. పోయిన వేసవిలో నేను నూరిన కత్తితో తాత అద్దం ముందు కూర్చుని కుడి చెంప గీసుకున్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. సగం గడ్డం అయ్యాక ఆగి, బొటనవేలితో చర్మం రాసి చూసుకుని, "కొన కాడ కొంచెం గుంజుతుంది, మళ్ల ఓ పదిసార్లు నల్లరాయి మీద తిప్పు" అన్నారు. నీటి పరీక్షలో, వెంట్రుక పరీక్షలో దొరకనిది ఆయన చెంపకు దొరికింది. తిప్పి ఇచ్చాను. మిగతా సగం గీసుకుని ఏమీ అనలేదు, కత్తి తుడిచి మడిచి పెట్టారు.

అంత మంచి కత్తిని సెలూన్లు ఎందుకు వదిలేశాయి అని మీరు అడగవచ్చు. ఒకరి గడ్డం గీసిన అంచును ఇంకొకరికి వాడితే, కంటికి కనిపించనంత రక్తం అంటినా హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ లాంటివి సోకే ప్రమాదం ఉంది. ఈ సంగతి ఊరూరా తెలిశాక, మనిషికొక కొత్త బ్లేడు అనే పద్ధతి స్థిరపడింది. ఇది మంచి మార్పే, ఇందులో నాకు సందేహం లేదు. తాత కూడా తన దుకాణంలో చివరి ఏళ్లన్నీ సగం బ్లేడ్లే వాడారు. నూరిన కత్తి ఒకే మనిషికి, తన సొంతానికి మాత్రమే. కొత్త ఊళ్లో సెలూన్‌కు వెళ్లినప్పుడు మీ కళ్ల ముందు కొత్త బ్లేడు విప్పారా లేదా అని చూసుకోండి, విప్పకపోతే అడగడానికి మొహమాటపడకండి.

చిన్న తరగతులవాళ్లు చదువుతుంటారు కాబట్టి ఇది కూడా రాయాలి. నేను ఏ ఒక్క రోజూ తాత పక్కన లేకుండా కత్తి విప్పలేదు. విప్పిన కత్తితో లేచి నడవకూడదు, జారిపడితే పట్టుకోబోకూడదు, పడనివ్వాలి. నేర్చుకోవాలని ఉంటే ముందు ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి వంటింటి కత్తితో, ఒక మామూలు సానరాయితో మొదలుపెట్టండి. రాయిని చదును చేయడం, మార్కర్ పరీక్ష, చప్పుడు వినడం అక్కడ కూడా ఇలాగే పనిచేస్తాయి.

తాత రెండో కత్తి ఇప్పుడు మా సామానుతో తిరుగుతోంది. దాని పిడి ఒకవైపు విరిగింది, గడ్డానికి పనికిరాదు, సాధనకు సరిపోతుంది. రైల్లో ట్రంకు పెట్టె అడుగున పెడతాం. విమానంలో అయితే చేతి సంచిలో ఒప్పుకోరు, లగేజీలో వేయాలి. ఈ ఉక్కుకు స్టీలు గిన్నెల ఉక్కులా తుప్పును ఆపే గుణం లేదు. ప్రస్తుతం మేముండే గువాహటిలో వానాకాలం గోడలకే చెమట పడుతుంది. అందుకని కత్తిని పొడిబట్టతో తుడిచి, కుట్టుమిషన్ నూనె ఒక చుక్క రాసి, గుడ్డలో చుట్టి పెడతాం. తోలు సంచి వద్దు, తోలు తేమను పట్టి ఉంచుతుంది. ప్రతి ఆదివారం అమ్మ ముందు దాన్ని తీసి చూసి, మళ్లీ నూనె రాయడం నా పని.